నైట్రేట్ దిగడం లేదు, ఏం చెయ్యాలి? – అక్వేరియం ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే గోల: నైట్రేట్. చేపలు వదిలే అమ్మోనియా, కుళ్ళిన మేత బ్యాక్టీరియా వల్ల మారి మారి చివరికి తొట్టి నీళ్ళలో పేరుకునేది ఇదే, మరీ ఎక్కువైతే చేపలకి చేటు. అందుకని మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేశాను. కింద నేను రాసిన నైట్రేట్ అంకెలన్నీ లీటరుకి మిల్లీగ్రాముల్లో ఉంటాయి. మీరు నీళ్ళు పరీక్ష చేసే కిట్ మీద పీపీఎం అని రాసి ఉంటే కంగారు పడకండి, మంచినీటి తొట్టి వరకు రెండూ ఒకటే.

ప్రశ్న: మాది 100 లీటర్ల తొట్టి. గప్పీలు, మోలీలు, నాలుగు కోరీలు ఉన్నాయి. 15 రోజులకోసారి పావు వంతు నీళ్ళు మారుస్తాను, ఎప్పుడూ మానలేదు. అయినా మార్చే ముందు చూస్తే నైట్రేట్ 80, మార్చాక 60, మళ్ళీ 15 రోజులు తిరిగేసరికి 80. నెలల తరబడి ఇదే వరస. షాపులో ఒక సీసా ఇచ్చారు, వేస్తే నైట్రేట్ పోతుందట. వెయ్యమంటారా?

జవాబు: సీసా పక్కన పెట్టండి. మీరు రాసిన మూడు అంకెల్లోనే జవాబు ఉంది.

15 రోజుల్లో మీ తొట్టిలో 20 పెరుగుతోంది. మీరు పావు వంతు తీస్తున్నారు. 80లో పావు వంతు అంటే 20. ఎంత పెరుగుతోందో సరిగ్గా అంతే తీస్తున్నారు, అందుకే అది అక్కడే కూర్చుంది. చిల్లున్న కుండలోకి సన్నగా ధార పడుతుంటే నీళ్ళు ఒక మట్టం దాకా లేచి అక్కడ ఆగిపోతాయే, అలాగన్నమాట. మట్టం దిగాలంటే ధార తగ్గించాలి, లేదా చిల్లు పెద్దది చెయ్యాలి, అంతకు మించి మూడో దారి లేదు. మీ కుళాయి నీళ్ళలో నైట్రేట్ దాదాపు సున్నా అనుకుని ఈ లెక్క చెబుతున్నాను, మీ 80 నుంచి 60కి దిగడం చూస్తే అలాగే ఉన్నట్టుంది. అయినా ఒకసారి కుళాయి నీళ్ళు కూడా పరీక్ష చెయ్యండి, నైట్రేట్ ఎక్కువైందన్న ఎవరికైనా నేను చెప్పే మొదటి మాట ఇదే.

సూత్రం చాలా సులువు. రెండు మార్పిళ్ళ మధ్య ఎంత పెరుగుతోందో దాన్ని మీరు మార్చే వంతుతో భాగించండి, కుళాయి నీళ్ళలో ఉన్నది కలపండి, తొట్టి చివరికి ఆగే పై అంకె అదే. మీకు వారానికి 10 పెరుగుతోంది కదా, వారం వారం పావు వంతు మారిస్తే పైఅంకె 40 దగ్గర ఆగుతుంది. వారం వారం సగం మారిస్తే 20. మేత సగానికి తగ్గించి వారానికి 40 శాతం మారిస్తే పన్నెండు, పదమూడు. ఏది మీ ఓపికకి సరిపోతుందో మీరే చూసుకోండి.

ఇక ధార సంగతి. నైట్రేట్ ఎక్కణ్ణించో ఊడిపడదు, మీ చేత్తో వేసే మేత డబ్బాలోంచి వస్తుంది. ప్రోటీన్‌లో దాదాపు 16 శాతం నత్రజని ఉంటుంది. 40 శాతం ప్రోటీన్ ఉన్న మేత ఒక గ్రాము వేస్తే అందులో నత్రజని 64 మిల్లీగ్రాములు, అదంతా ప్రాణవాయువుతో కలిసి నైట్రేట్‌గా మారితే బరువు పెరిగి సుమారు 280 మిల్లీగ్రాములు. చేప కొంత ఒంటికి పట్టించుకుంటుంది కాబట్టి 200 అనుకుందాం. 100 లీటర్ల తొట్టిలో అది లీటరుకి 2. అంటే 15 రోజులకి 20 పెరగడానికి ఓ పది గ్రాముల మేత చాలు, రోజుకి గ్రాము కూడా కాదు! చిటికెడే కదా వేస్తున్నాం అని అందరూ అంటారు కానీ ఒక్క వారం మేత డబ్బాని ముందూ వెనకా తూకం వేసి చూడండి, ఆశ్చర్యపోతారు. కుటుంబంలో ముగ్గురు మూడుసార్లు వేసే చిటికెలు వేరే. రోజుకోసారి, ఒకటి రెండు నిమిషాల్లో మిగలకుండా తినేసేంత వెయ్యండి. వారానికి ఒకరోజు అసలు వెయ్యకపోయినా పెద్ద చేపలకి ఏమీ కాదు. అవి అద్దం దగ్గరికొచ్చి అడుగుతూనే ఉంటాయి, ఆ చూపులకి కరిగిపోవద్దు, కడుపు నిండినా అలాగే అడుగుతాయి.

ఇప్పుడున్న 80ని దించడానికి రోజు విడిచి రోజు పావు వంతు చొప్పున నాలుగు సార్లు మార్చండి. నాలుగు పావులు కలిస్తే మొత్తం నీళ్ళు మారిపోయినట్టు అనుకోకండి, ప్రతిసారీ కొత్తవీ పాతవీ కలిసిన నీళ్ళే తీస్తాం కాబట్టి 80, 60, 45, 34, 25 ఇలా దిగుతుంది. ఈలోగా మేత వల్ల ఇంకాస్త కలుస్తుంది, పరవాలేదు. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటే పోగొట్టే మందు వెయ్యడం, కొత్త నీళ్ళు తొట్టి వేడికి దగ్గరగా ఉండేలా చూడడం మామూలే. నీళ్ళు తీసేటప్పుడు పైనుంచి మగ్గుతో తోడకుండా సైఫన్ గొట్టాన్ని గులకరాళ్ళలోకి దించి లాగండి. అడుగున పేరుకున్న రెట్ట, కుళ్ళిన మేత, ఆకులు ఇంకా నైట్రేట్ కాలేదు, కానీ అవుతాయి. వాటిని ముందే లాగేస్తే మార్చిన నీళ్ళకి రెండింతల ఫలితం.

షాపు వాళ్ళిచ్చిన సీసా గురించి ఒక్కమాట. కొన్ని సీసాల్లో బ్యాక్టీరియా ఉంటుంది, కొన్నిట్లో నీటి విషాలని కొద్దిసేపు కట్టిపడేసే రసాయనాలు ఉంటాయి. అమ్మోనియా పెరిగి చేపలు గిలగిల్లాడుతున్న రోజు రెండో రకం పనికొస్తుంది, కాదనను. కానీ రోజూ మేత రూపంలో లోపలికి వెళ్తున్న నత్రజని ఏదో ఒక దారిన బయటికి పోవాలి కదా. సీసాలోంచి వేసింది తొట్టిలోనే ఉంటుంది, దేన్నీ బయటికి మొయ్యదు.

ప్రశ్న: మా బోరు నీళ్ళలోనే నైట్రేట్ 40 చూపిస్తోంది! నీళ్ళు మార్చమని అందరూ చెబుతారు, మార్చి ఏం లాభం? మరిగించి చల్లార్చి పోస్తే తగ్గుతుందా? ఫిల్టర్‌లో కార్బన్ కూడా పెట్టి చూశాను.

జవాబు: మరిగిస్తే తగ్గదు సరికదా పెరుగుతుంది, ఆవిరయ్యేది నీరే, నైట్రేట్ గిన్నెలోనే మిగులుతుంది. రెండు రోజులు నిల్వ ఉంచినా, రాత్రంతా ఎయిర్ పంప్ పెట్టినా పోదు. కార్బన్‌కి అది చిక్కదు. జియోలైట్ అనే ఖనిజం ముక్కలు ఫిల్టర్లో వేస్తే అమ్మోనియాని పడుతుంది గానీ నైట్రేట్‌ని పట్టదు. ఇన్ని లేదులు ఒకేచోట రాయడం నాకూ బాగాలేదు, కానీ వీటి మీద డబ్బులు పోసినవాళ్ళ ఉత్తరాలు తరచూ వస్తాయి.

పని చేసేవి మూడు. మొదటిది ఆర్వో నీళ్ళు. ఆర్వో పొర బాగున్నప్పుడు నైట్రేట్‌లో ఎక్కువ భాగం ఆపేస్తుంది, 40 ఉన్నది 4 దాకా దిగిందనుకోండి, సగం ఆర్వో సగం బోరు కలిపితే 22 అవుతుంది. అలా కలిపే వాడండి. ఉత్త ఆర్వో నీళ్ళు పోస్తే నీటిలో ఉండాల్సిన లవణాలు కూడా పోతాయి, పీహెచ్‌ని (నీటి ఆమ్లగుణం చెప్పే అంకె, ఎంత తక్కువైతే అంత ఆమ్లం) నిలబెట్టే కార్బొనేట్ గట్టిదనం (కిట్ల మీద కేహెచ్ అని ఉంటుంది) పడిపోతుంది, అప్పుడు నైట్రేట్ బాధ పోయి ఇంకో పెద్ద బాధ మొదలవుతుంది. రెండోది నైట్రేట్‌ని పట్టే రెజిన్ అనే చిన్న గుళికలు. గుడ్డ సంచిలో వేసి ఫిల్టర్‌లో పెడతారు, నిండిపోయాక ఉప్పునీళ్ళలో నానబెడితే మళ్ళీ పనికొస్తుంది. పొట్లం మీద చెప్పినట్టే చేసి, బాగా కడిగి తిరిగి పెట్టండి. నా ఉద్దేశంలో దీన్ని తొట్టిలో పెట్టడం కన్నా, పోసే నీళ్ళని ముందే ఒక డ్రమ్ములో దానిగుండా తిప్పి పోసుకోవడం మేలు. మూడోది మొక్కలు, వాటి గురించి కింద వేరే ఉత్తరం ఉంది.

మీలాంటివాళ్ళు నీళ్ళు మార్చడం మాత్రం మానకూడదు. నైట్రేట్ ఒక్కటే మురికి కాదు, నీళ్ళు మార్చకపోతే మిగతావి కూడా పేరుకుంటాయి. పైగా ఆవిరైన మేరకు బోరు నీళ్ళే పోస్తూ పోతే ప్రతి బిందెతోపాటు ఇంకాస్త నైట్రేట్ లోపలికి వెళ్తుంది, ఒక్క చుక్కా బయటికి రాదు. ఆవిరైన నష్టానికి ఆర్వో నీళ్ళు పొయ్యండి, లెక్క సరిపోతుంది.

చేపలతో సంబంధం లేని మాట ఒకటి. తాగే నీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు 50. మీది 40, అదీ రంగు చూసి చెప్పే కిట్ మీద, అంటే అటూ ఇటూ ఉండొచ్చు. ఆ బోరు నీళ్ళే మీరు తాగుతుంటే, ముఖ్యంగా ఇంట్లో పాలడబ్బా పొడి కలిపి పట్టే పసిబిడ్డ ఉంటే, ముందు ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. నైట్రేట్ ఎక్కువైన నీళ్ళు పసిపిల్లల రక్తంలో ప్రాణవాయువు మోసే శక్తిని దెబ్బతీస్తాయి. తొట్టి సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ప్రశ్న: మా తొట్టికి మూడేళ్ళు. నిజం చెప్పాలంటే ఏడాదిగా నీళ్ళు మార్చలేదు, తగ్గినప్పుడల్లా పోస్తున్నాను అంతే. పాత చేపలు రాయిలా ఉన్నాయి. కానీ కొత్తవి ఏవి తెచ్చినా రెండు మూడు రోజుల్లో పోతున్నాయి. కిట్ కొని చూస్తే నైట్రేట్ ముదురు ఎరుపు, అంటే 160 పైనే. ఈ ఆదివారం మొత్తం ఖాళీ చేసి కడిగి కొత్త నీళ్ళు పోసేద్దామనుకుంటున్నాను.

జవాబు: ఆగండి. ఈ ఆదివారం ఆ పని చెయ్యకండి. మొత్తం కడగాలనిపించడం సహజమే గానీ, మీ పాత చేపలు చచ్చిపోయేది ఏడాది పాటు కదిలించని నీళ్ళ వల్ల కాదు, ఆ ఒక్క ఆదివారం వల్ల.

ఎందుకో చెబుతాను, కాస్త పొడుగు కథ. అమ్మోనియాని బ్యాక్టీరియా నైట్రేట్‌గా మార్చే పనిలో ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లాన్ని నీటిలోని కేహెచ్ మింగేస్తూ వస్తుంది. నీళ్ళు మారుస్తుంటే కేహెచ్ మళ్ళీ మళ్ళీ వచ్చి చేరుతుంది. మార్చకపోతే ఒకనాటికి అయిపోతుంది, అప్పట్నుంచి పీహెచ్ జారడం మొదలవుతుంది, ఆరు దాకా, ఒక్కోసారి ఇంకా కిందికి. అంత ఆమ్లంలో ఆ బ్యాక్టీరియా కూడా మందగిస్తుంది. దాంతో అమ్మోనియా పూర్తిగా నైట్రేట్ కాకుండా నీటిలో మిగిలిపోతుంది. మరి చేపలెలా బతికున్నాయి అంటే, పీహెచ్ తక్కువున్నప్పుడు అది దాదాపు అంతా అమ్మోనియం రూపంలో ఉంటుంది, ఆ రూపం చేపకి అంత హాని చెయ్యదు. నీటి వేడి 25 డిగ్రీలు ఉన్నప్పుడు పీహెచ్ 6 దగ్గర విషపు అమ్మోనియా వాటా వెయ్యిలో ఒకటి కూడా ఉండదు. పీహెచ్ 7 దగ్గర వెయ్యికి ఐదారు. 8 దగ్గర నూటికి ఐదు. ఇప్పుడు మీరు తొట్టిలో చాలా భాగం తీసి పీహెచ్ 8 ఉన్న కుళాయి నీళ్ళు గబగబా పోశారనుకోండి, మిగిలిన నీళ్ళలో నిద్రపోతున్న అమ్మోనియం ఆ క్షణంలోనే విషమై లేస్తుంది. ఒకవేళ పూర్తిగా ఖాళీ చేసి, రాళ్ళూ ఫిల్టరూ కుళాయి కింద తోమేస్తే, ఉన్న బ్యాక్టీరియా కాస్తా పోయి తొట్టి మొదటి రోజుకి వెళ్ళిపోతుంది. పైగా ఏడాదిగా చిక్కటి నీళ్ళకి అలవాటు పడ్డ ఒళ్ళు ఒక్కసారిగా పలచటి నీళ్ళలో పడితే తట్టుకోలేదు. ఎటు చూసినా దెబ్బే.

ముందు మూడు అంకెలు తెలుసుకోండి: తొట్టి పీహెచ్, కుళాయి పీహెచ్, తొట్టిలో అమ్మోనియా. అమ్మోనియా సున్నా, రెండు పీహెచ్‌లూ దగ్గర దగ్గర అయితే మీరు అదృష్టవంతులు, రోజు విడిచి రోజు 10 నుంచి 15 శాతం మారుస్తూ పోవచ్చు. తేడా ఒకటికి మించి ఉన్నా, అమ్మోనియా కనిపించినా రోజుకి 5 నుంచి 10 శాతం, సన్న గొట్టంతో నెమ్మదిగా, పోసే ముందూ పోశాకా పీహెచ్ చూసుకుంటూ. ఇలా రెండు మూడు వారాలు పడుతుంది. ఆ రోజుల్లో మేత బాగా తగ్గించండి. అడుగు మురికి ఒకేసారి అంతా కెలక్కుండా ఈసారి ఈ మూల, వచ్చేసారి ఆ మూల. ఫిల్టర్ స్పాంజ్‌ని తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే పిండండి, అదీ రాళ్ళు శుభ్రం చేసిన రోజు కాకుండా వేరే రోజు. పీహెచ్ పైకొచ్చి నిలబడి, అమ్మోనియా సున్నా అయ్యి, నైట్రేట్ 40 కిందికి దిగాక మామూలు వారపు మార్పిడిలోకి రండి.

కొత్త చేపలు ఎందుకు పోతున్నాయో ఇప్పటికి మీకు అర్థమై ఉంటుంది. పాతవి నెలల మీద కొంచెం కొంచెంగా దిగజారిన నీటికి అలవాటు పడ్డాయి, కొత్తది పావుగంటలో అందులో పడుతోంది. కవరు తొట్టిలో తేలేస్తే వేడి సమానమవుతుంది తప్ప లోపలి నీరు మారదు. తొట్టి దారికొచ్చేదాకా కొత్త చేప ఒక్కటీ తేవద్దు, షాపులో ఎంత ముద్దొచ్చినా సరే.

రాయిలా ఉన్నాయన్నారు కానీ, నైట్రేట్ ఎక్కువున్న చోట చేప వెంటనే చావదు, ఎదుగుదల తగ్గుతుంది, జబ్బులు తేలిగ్గా అంటుకుంటాయి, గుడ్లూ పిల్లలూ సరిగ్గా రావు. మీ తొట్టిలో ఏడాదిగా పిల్లలు బతికాయా లేదా ఆలోచించి చూడండి.

ప్రశ్న: స్ట్రిప్‌తో చూస్తే 10, చుక్కల కిట్‌తో చూస్తే 40, ఫ్రెండ్ కిట్‌తో చూస్తే 9! ఏది నమ్మాలి? టీడీఎస్ మీటర్ ఉంది, దానితో తెలుస్తుందా?

జవాబు: టీడీఎస్ మీటర్ నీటిలో కరిగిన లవణాలన్నీ కలిపి ఒక అంకె చెబుతుంది, అందులో నైట్రేట్ ఎంతో చెప్పలేదు. దాన్ని వదిలెయ్యండి.

మీ ఫ్రెండ్ కిట్ కాగితం తీసి చదవండి. కొన్ని కిట్లు మొత్తం నైట్రేట్ చెబుతాయి, కొన్ని నైట్రేట్‌లోని నత్రజని మాత్రమే చెబుతాయి. రెండో రకం అంకెని 4.4తో గుణిస్తే మొదటిది వస్తుంది. 9ని గుణిస్తే 40 దగ్గరికి వచ్చింది చూశారా, మీ ఇద్దరి కిట్లూ ఒకటే మాట చెబుతున్నాయి. టెన్షన్ సగం అక్కడే తీరింది.

స్ట్రిప్ ఉజ్జాయింపుకే, తడి తగిలినా పాతబడినా అంకె తప్పుతుంది. అలాగని చుక్కల కిట్ దానంతటది నిజం చెప్పదు. చాలా కిట్లలో రెండో సీసాలో నైట్రేట్‌ని నైట్రైట్‌గా (పేరు దగ్గరగా ఉన్నా ఇది వేరే పదార్థం, అమ్మోనియా నైట్రేట్ అయ్యే దారిలో మధ్య మెట్టు) మార్చే లోహపు పొడి ఉంటుంది, అది అడుగుకి దిగి గట్టిపడుతుంది. పేరుకి రెండుసార్లు ఊపి చుక్కలు వేస్తే పొడి చుక్కలోకి రాదు, నమ్మలేనంత మంచి ఫలితం వస్తుంది, తొట్టి యజమాని సంతోషిస్తాడు, చేపలు సంతోషించవు. సీసాని బల్లకేసి తట్టి, అర నిమిషం గట్టిగా ఊపి, చుక్కలు వేశాక గాజు గొట్టాన్ని కూడా కాగితంలో చెప్పినంతసేపూ ఊపి, చెప్పినంతసేపూ ఆగి, పగటి వెలుగులో తెల్ల కాగితం ముందు పెట్టి చూడండి.

40కీ 80కీ మధ్య రంగు తేడా నాకైతే ఎప్పుడూ సరిగ్గా కనపడదు, అన్నీ ఎరుపే. అలాంటప్పుడు ఒక వంతు తొట్టి నీళ్ళకి మూడు వంతులు నైట్రేట్ లేని ఆర్వో నీళ్ళు కలిపి పరీక్ష చేసి, వచ్చినదాన్ని నాలుగుతో గుణించండి. లేత రంగుల్లో తేడా బాగా తెలుస్తుంది. కొత్త తొట్టి ఉన్నవాళ్ళు ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి. కిట్ నైట్రేట్‌ని నైట్రైట్‌గా మార్చి చూస్తుంది కాబట్టి, నీటిలో ముందే నైట్రైట్ ఉంటే దాన్ని కూడా నైట్రేట్ కింద చూపించేస్తుంది. నైట్రైట్ సున్నా అయ్యాక వచ్చిన నైట్రేట్ అంకెనే నమ్మాలి.

ప్రశ్న: అంకుల్, నేను పదో తరగతి. ఫిల్టర్‌లో బ్యాక్టీరియా నైట్రేట్ తయారుచేస్తుందని చదివాను. మరి ఫిల్టర్ తీసేస్తే నైట్రేట్ రాదు కదా?

జవాబు: తగ్గొచ్చు నిజమే బాబూ, కానీ చేపలు కూడా మిగలవు. ఆ బ్యాక్టీరియా నైట్రేట్‌ని కొత్తగా పుట్టించడం లేదు, చేప వదిలిన అమ్మోనియాని ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తోంది. మొదటి రెండూ కొంచెం ఉన్నా చంపుతాయి, మూడోది చాలా ఎక్కువైతేగాని బాధించదు. ఈ రెండు మెట్లకీ రెండు వేరువేరు జాతులు కావాలని చాలాకాలం అనుకున్నారు, 2015లో ఒక్క సూక్ష్మజీవే రెండు మెట్లూ ఎక్కెయ్యగలదని కనిపెట్టారు, నైట్రోస్పైరా అనే గుంపులోది. సైన్స్ టీచర్‌ని అడుగు, ఇష్టంగా చెబుతారు. నువ్వు చెయ్యాల్సింది ఫిల్టర్ తియ్యడం కాదు, అందులో ఇరుక్కున్న మురికిని అప్పుడప్పుడు తొట్టి నీళ్ళలో పిండెయ్యడం. ఆ మురికి అక్కడే కుళ్ళితే అదీ నైట్రేటే అవుతుంది.

ప్రశ్న: మొక్కలు పెడితే నైట్రేట్ తాగేస్తాయంటారు. నేను జావా ఫెర్న్, అనూబియాస్ పెట్టి ఆరు నెలలైంది, ఏం తేడా లేదు. మనీ ప్లాంట్ పెట్టొచ్చా? చక్కెర వేసి బ్యాక్టీరియా పెంచే పద్ధతి ఒకటి చూశాను, అది ఎలా ఉంటుంది?

జవాబు: మీరు పెట్టినవి మంచి మొక్కలే, కానీ నెలకి ఒక ఆకు వేసే రకాలు. మొక్క ఎంత పెరిగితే అంత నత్రజని పీల్చుకుంటుంది, పెరగని మొక్క పీల్చదు. హార్న్‌వర్ట్, వాటర్ స్ప్రైట్, నీటిమీద తేలే అంతరతామర, సాల్వీనియా లాంటివి వారం తిరిగేసరికి కళ్ళకి కనపడేలా పెరుగుతాయి. తేలే మొక్కలకి గాలిలోని కార్బన్ డయాక్సైడ్ అందుతుంది, పై వెలుగంతా వాటిదే, అందుకే అంత జోరు. మనీ ప్లాంట్‌కీ అదే లాభం. తీగె ముక్క వేళ్ళు మాత్రం నీళ్ళలో ఉంచి ఆకులు బయటికి వదలండి, ఆకులు మునిగితే కుళ్ళుతాయి. ఆ మొక్కలో నోటికి దురద పెట్టే గుణం ఉంది, వేళ్ళని కొరికే చేపలుంటే జాలీ అడ్డం పెట్టండి.

మరిచిపోయేది ఏమిటంటే, మొక్క పీల్చిన నత్రజని మొక్కలోనే ఉంటుంది. పెరిగినదాన్ని కత్తిరించి తొట్టి బయట పారేస్తేనే అది పోయినట్టు. పసుపెక్కిన ఆకుని తొట్టిలోనే వదిలేస్తే తీసుకున్నదంతా తిరిగిచ్చేస్తుంది. తేలే మొక్కల్ని వారానికి గుప్పెడు తీసి పడెయ్యండి, వాటిని కాలవల్లోకీ చెరువుల్లోకీ మాత్రం వదలకండి, అక్కడ అవి చేసే పాడు అంతా ఇంతా కాదు.

చక్కెర పద్ధతి వెనక శాస్త్రం ఉంది. ప్రాణవాయువు లేని చోట బతికే కొన్ని రకాల బ్యాక్టీరియా నైట్రేట్‌లోని ప్రాణవాయువుని వాడుకుని నత్రజనిని వాయువుగా గాలిలోకి వదిలేస్తాయి, వాటికి తిండిగా ఏదో ఒక కార్బన్ కావాలి, చక్కెర ఇచ్చేది అదే. నీటిశుద్ధి కేంద్రాల్లో ఇదే వాడతారు. కానీ అక్కడ మీటర్లు, మనుషులు ఉంటారు. ఇంటి తొట్టిలో చెంచా చక్కెర ఎక్కువైతే తెల్లారేసరికి నీళ్ళు పాలలా తెల్లబడతాయి, నీళ్ళని అలా తెల్లబరిచే బ్యాక్టీరియా నీటిలోని ప్రాణవాయువంతా లాగేస్తే చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. ఇది సరదాకి చేసే పని కాదు, నేను వద్దనే అంటాను. నిండా చిల్లులున్న రాళ్ళలాంటి ఫిల్టర్ మీడియా లోపల ఇదే పని కొంత జరుగుతుందని అమ్ముతారు, కొంచెం జరిగితే జరగొచ్చు. దాని మీద ఆశపెట్టుకుని నీళ్ళు మార్చడం మానకండి.

ప్రశ్న: నా తొట్టి నిండా మొక్కలు, చేపలు తక్కువ. నైట్రేట్ సున్నా. అందరూ మెచ్చుకుంటున్నారు కానీ కింది ఆకులు పసుపెక్కి రాలుతున్నాయి, రాళ్ళ మీద నీలిపచ్చ జిగట పట్టింది.

జవాబు: మీ మొక్కలు ఆకలితో ఉన్నాయి. కింది ఆకుల్లోంచి నత్రజని లాక్కుని పైచిగురుకి పంపుకుంటున్నాయి. ఆ జిగట సయనోబ్యాక్టీరియా అనే సూక్ష్మజీవుల పొర, నైట్రేట్ బొత్తిగా లేని తొట్టిలో తరచూ కనిపిస్తుంది. గొట్టంతో లాగెయ్యండి, నీళ్ళ కదలిక కాస్త పెంచండి, మొక్కల ఎరువు వేసి నైట్రేట్‌ని 5, 10 మధ్య ఉంచండి. సున్నా మన లక్ష్యం కాదు. చేపల తొట్టిలో 20 లోపు ఉంటే నేను హాయిగా నిద్రపోతాను, 40 దాటితే లేచి నీళ్ళు మారుస్తాను. చిన్న రొయ్యలు, చేపపిల్లలు ఉన్నచోట ఇంకా తక్కువలో ఉంచడం మంచిది, వాటికి సహనం తక్కువ.

ప్రశ్న: పది రోజులు ఇంట్లో ఉండం. కరిగే మేత దిమ్మ వేసి వెళ్దామా, పక్కింటివాళ్ళకి తాళం ఇద్దామా? తిరిగొచ్చేసరికి నైట్రేట్ ఆకాశంలో ఉంటుందేమోనని భయం.

జవాబు: దిమ్మ వద్దు. తినగా మిగిలింది కరిగి అడుగున చేరుతుంది, మీరు వచ్చేసరికి నైట్రేట్ ఏం ఖర్మ, అమ్మోనియానే పలకరిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలు వారం రోజులు మేత లేకపోయినా ఉంటాయి. పది రోజులంటే మధ్యలో రెండుసార్లు వేస్తే చాలు. పక్కింటివాళ్ళకి మేత డబ్బా ఇవ్వకండి, ప్రేమ కొద్దీ గుమ్మరిస్తారు. రెండు చిన్న పొట్లాలు కట్టి తేదీలు రాసి ఇవ్వండి, డబ్బా బీరువాలో దాచెయ్యండి. వెళ్ళే రెండు రోజుల ముందు మూడో వంతు నీళ్ళు మార్చండి, బయల్దేరే రోజు ఫిల్టర్ జోలికి పోకండి. పిల్ల చేపలు ఉంటే మాత్రం ఈ లెక్క కుదరదు, వాటికి రోజూ వేసే మనిషి కావాలి.